నలభై మూడో చేను

గద్వాలలో ఒక విత్తన పత్తి ఆఫీసులో నేను మూడేళ్లు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నేను చెప్పబోయే ఈ రోజంత గట్టిగా నా గుండె కొట్టుకున్న రోజు ఆ మూడేళ్లలో ఇంకొకటి లేదు. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన కాలం అది. మా ఊళ్లో ఇంటర్‌నెట్ అంటే టెలిఫోన్ తీగలోంచి వచ్చేదే. మోడెం అనే చిన్న డబ్బా కీచుకీచుమని అరిచి, గరగరలాడి, చివరికి ఊరుకుందంటే లైను కలిసిందని అర్థం. ఆ అరుపు వినగానే నాకు ఎక్కడలేని సంబరం వచ్చేది. ఖిల్లా ఘణపూర్ నుంచి వచ్చి, చిన్నమ్మ ఇంట్లో ఉండి ఉద్యోగం చేసుకుంటున్న ఇరవై రెండేళ్ల పిల్లను. హైదరాబాదులో ఉన్న మిషన్‌తో నేరుగా మాట్లాడుతున్నానన్న గర్వం నాకేం తక్కువ లేదు.

ముందు మా పని సంగతి చెప్పాలి. మా వైపు పత్తిని రెండు రకాలుగా పండిస్తారు. ఒకటి మిల్లుకు పోయే మామూలు పత్తి. రెండోది విత్తనం కోసం పండించేది. ఇందులో ఆడ చెట్లు వేరు, మగ చెట్లు వేరు, పువ్వు పువ్వునూ చేత్తో కలపాలి. కంపెనీ ఇచ్చిన విత్తనాన్ని రైతులకు పంచి, చేలు చూసుకుని, పంటను మళ్లీ కంపెనీకి చేర్చే మనిషిని ఆర్గనైజర్ అంటారు. మా ఆర్గనైజర్‌ను అందరూ పటేలా అని పిలిచేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆయన కింద ఆ ఏడు అరవై ఎనిమిది చేలు ఉన్నాయి. రైతు పేరు, ఊరు, సర్వే నంబరు, విత్తు వేసిన రోజు, ఇవన్నీ కంప్యూటర్‌లో కొట్టి కంపెనీకి మెయిల్ చేయడం నా పని.

కంపెనీ ఒక్కో చేనుకు ఒక్కో నంబరు ఇచ్చేది. ఆ నంబరును రేకు పలక మీద రాయించి, కర్రకు కొట్టి, చేని గట్టు మీద పాతేవాళ్లు. పలక ఉన్న చేనునే కంపెనీ సార్లు వచ్చి చూస్తారు. వాళ్లు చూసిన చేను పంటనే విత్తనంగా తీసుకుంటారు. పలక లేకపోతే ఎంత కష్టపడి పండించినా ఆ పంట మామూలు పత్తిలో కలిసిపోవాల్సిందే.

ఆ రోజు నేను డిగ్రీ సర్టిఫికెట్ కోసం వనపర్తి కాలేజీకి వెళ్లి, రెండు రోజులు ఇంటి దగ్గర ఉండి, పొద్దున బస్సుకు గద్వాల వచ్చాను. అమావాస్య నాడు ప్రయాణమేందని అమ్మ గొణుగుతూనే ఉంది. ఆఫీసులో అడుగు పెట్టేసరికి నా బల్ల మీద కొత్త కంప్యూటర్. పాతది వారం కిందట కరెంటు ఎక్కువతక్కువై కాలిపోయింది. కొత్తదానికి పసుపు బొట్లు, కుంకుమ, బంతిపూల దండ, కింద సీపీయూ నెత్తి మీద నిమ్మకాయ. నా ఆనందం ఇంతా అంతా కాదు. తెల్లగా మెరిసే ఆ కీబోర్డును తాకడానికి ముందు చేతులు లంగాకు తుడుచుకున్నాను.

"ఎట్లున్నది?" అన్నాడు పటేలు, తనే కనిపెట్టినట్టు మురిసిపోతూ. "కర్నూలు నుంచి కంప్యూటరాయనొచ్చి మొన్ననే బిగించిపోయిండు. మంచి దినం పెట్టి మొదలు పెట్టిచ్చిన."

"ఆషాఢంల మంచి దినం ఏడ దొరికింది పటేలా?"

"దానికో ఉపాయం ఉన్నది తియ్యి," అని మీసం కింద నవ్వుకున్నాడు. కొత్త మిషన్ సంబరంలో నేను ఆ ఉపాయమేమిటని అడగలేదు.

వాకిట్లో బెంచీ మీద ఒక పెద్దమ్మ కూర్చుని ఉంది. వడ్డేపల్లి పక్క పల్లె ఆమెది. యాభై దాటి ఉంటాయి. వేళ్ల కొసలు పసుపు పట్టి, గట్టిపడి ఉన్నాయి. అటువైపు విత్తన చేలల్లో పని చేసే ఆడవాళ్ల వేళ్లు అట్లాగే ఉంటాయి. పదేళ్లు పరాయి చేలల్లో మొగ్గలు గిల్లి, పుప్పొడి రుద్ది, ఆ ఏడే మొదటిసారి రెండెకరాలు కౌలుకు పట్టి సొంతంగా విత్తన పత్తి పెట్టింది. నన్ను చూసి లేచి లోపలికి వచ్చింది.

"అమ్మాయీ, మా పక్క చేన్లకన్నిటికి పలకలొచ్చినయ్. నాది రాలే. ఎందుకు రాలేదో జర చూసి చెప్పు."

నోటుబుక్కు తీశాను. నలభై మూడో వరుసలో ఆమె పేరు గుండ్రటి అక్షరాలతో ఉంది, నేను రాసిందే. వారం కిందట కంపెనీకి పంపిన జాబితా కాగితం పక్కన పెట్టుకుని వేలు పెట్టి చూశాను. నలభై రెండు ఉంది. నలభై మూడు దగ్గర నలభై నాలుగో ఆయన పేరు ఉంది. ఆ రోజు జాబితా కొడుతుంటే మధ్యలో కరెంటు పోయింది. వచ్చాక మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఒక వరుస దాటేశాను. అంతే జరిగింది. ఇంకెవరూ ఏమీ చేయలేదు, నేనే చేశాను.

"ఏమైందే?" అని పటేలు అరిచాడు లోపలి గదిలోంచి.

"పాత మిషన్ కాలిపోయింది గద పటేలా. దాంట్లనే ఈమె పేరు పోయినట్టున్నది," అన్నాను. ఎక్కడా తడబడలేదు. చచ్చిన మిషన్ లేచి వచ్చి కాదని చెప్తుందా? ఇంత చక్కగా అబద్ధం వస్తుందని నాకే తెలియదు. పెద్దమ్మ నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, మళ్లీ వెళ్లి బెంచీ మీద కూర్చుంది.

పటేలు కంపెనీకి ఫోన్ చేశాడు. అవతల చెప్పిన మాట కటువుగానే ఉంది. సార్లు మర్నాడు పొద్దున్నే చేలు చూడటానికి బయల్దేరుతున్నారు. వాళ్ల చేతికిచ్చే జాబితా ఆ సాయంత్రం నాలుగింటికి అచ్చేస్తారు. అంతలోపల సరిదిద్దిన జాబితా మెయిల్‌లో రావాలి. అదీ ఆర్గనైజర్ సొంత అడ్రసు నుంచే రావాలి, బయటి నెట్ సెంటర్ నుంచి పంపితే లెక్కలోకి తీసుకోరు. నాలుగు దాటితే ఈ ఏడుకు ఇక ఏ పేరూ చేరదు.

అప్పటికి పదిన్నర. అరవై ఎనిమిది పేర్లు కొట్టడం నాకెంత సేపు! గంటలో కొట్టేశాను. ఈసారి ఒక్కో పేరుకూ నోటుబుక్కులో పెన్సిలుతో టిక్కు పెట్టాను. కంపెనీ వాళ్లు సీడీలో పంపిన మెయిల్ ప్రోగ్రాం కొత్త మిషన్‌లో వేశాను, వాళ్లిచ్చిన కాగితం చూసి పేరు, పాస్‌వర్డు నింపాను. మోడెం అరిచింది, ఊరుకుంది. పంపు అనే బొమ్మ మీద నొక్కాను. నీలం గీత సగం దాకా పాకి ఆగిపోయింది. టక్కుమని ఒక ఎర్ర గుర్తు వచ్చి, సర్వర్‌తో, అంటే హైదరాబాదులోని కంపెనీ మిషన్‌తో, కనెక్షన్ కుదరలేదని చెప్పింది. మళ్లీ నొక్కాను. మళ్లీ ఎర్ర గుర్తు. పదిసార్లు నొక్కితే పదిసార్లూ అదే.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఆఫీసులో ఉన్నది ఒక్కటే ఫోన్ లైను. నెట్ కలిపితే మాట్లాడటానికి లేదు, మాట్లాడితే నెట్ లేదు. కంపెనీలో కంప్యూటర్లు చూసే ఆయన్ను అడగాలంటే నెట్ తెంపాలి, ఆయన చెప్పింది చేయాలంటే ఫోన్ పెట్టేయాలి. రెండుసార్లు అట్లా చేసి విసిగిపోయాను. అప్పుడు తట్టింది, పక్క మడిగెలో ఎస్టీడీ బూత్ ఉంది కదా అని.

బూత్ నడిపే చాచా మంచి మనిషి. స్టూలు మీద కూర్చుని, ముందు గాజు డబ్బాలో సెల్‌ఫోన్ రీఛార్జి కార్డులు పరుచుకుని, పొద్దంతా రేడియో వింటూ ఉండేవాడు. నేను పరుగెత్తుకుంటూ వెళ్లి సంగతి చెప్పగానే రేడియో కట్టేశాడు.

"పరేషాన్ గాకు బేటీ. నువ్వు మిషన్ కాడ కూసో. నేను ఫోన్ పట్టుకుని ఈడ నిలబడ్త. ఆయనేం జెప్తే అది నీకు ఒర్లి చెప్త."

అట్లా మొదలైంది మా యుద్ధం. చాచా రిసీవర్ చెవికి పెట్టుకుని, తీగ సాగినంత దూరం సాగదీసి, మడిగె గుమ్మంలో నిలబడ్డాడు. నేను కిటికీ పక్కన కంప్యూటర్ ముందు. హైదరాబాదు ఆయన చెప్పింది చాచా అరుస్తాడు, నేను చేసింది నేను అరుస్తాను, చాచా దాన్ని మళ్లీ ఫోన్‌లో చెప్తాడు.

"వేరే సైటేమన్నా ఓపెన్ అయితున్నదా అంటుండు!"

"అయితున్నది చాచా!"

"అయితే నెట్టు మంచిగనే ఉన్నదంట. సర్వర్ పేరు ఒక్కొక్క అచ్చరం చదువుమంటుండు!"

చదివాను. చాచా ఒక్కో ఇంగ్లీషు అక్షరాన్ని రోడ్డు మీద పోయేవాళ్లందరికీ వినిపించేట్టు మళ్లీ చదివాడు. తప్పు లేదు. తర్వాత పోర్టు నంబర్లు అన్నాడు.

"తొమ్మిది తొమ్మిది అయిదు ఉన్నదా? పంపేదానికి నాలుగు ఆరు అయిదు ఉన్నదా?"

రెండూ ఉన్నాయి. పంపేటప్పుడు కూడా పాస్‌వర్డు అడగాలనే చోట టిక్కు పెట్టమన్నాడు, పెట్టాను. వైరస్‌లను పట్టే ప్రోగ్రాం కాసేపు ఆపమన్నాడు, ఆపాను. అకౌంటు మొత్తం తీసేసి మళ్లీ కొత్తగా పెట్టమన్నాడు, అదీ చేశాను. ఒక్కో పని అయినప్పుడల్లా 'ఇప్పుడు పోతుంది' అనుకుని ఊపిరి బిగబట్టి నొక్కడం, నీలం గీత పాకడం, ఎర్ర గుర్తు రావడం. నిజం చెప్పాలంటే భయంతో పాటు నాకు లోలోపల ఒక రకం ఉత్సాహం కూడా ఉంది. దొంగ ఇంట్లోనే ఎక్కడో దాక్కున్నాడు, ఒక్కో గదీ వెతుకుతూ వస్తున్నాం, ఈ గదిలో కాకపోతే పక్క గదిలో దొరుకుతాడన్నట్టు ఉండింది.

"మా సైడు అంతా బాగానే ఉంది, మిగతా ఆర్గనైజర్లందరివీ వస్తున్నాయి, మీ అమ్మాయే ఏదో తప్పు నొక్కుతోంది అంటుండు," అని చాచా కాస్త మొహమాటంగా చెప్పాడు.

ఒళ్లు మండిపోయింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటే ఎట్లా? "నొక్కుడు నాకొచ్చని చెప్పు చాచా!" అని అరిచాను. చాచా ఆ మాట ఫోన్‌లో చెప్పాడో లేదో తెలియదు.

గోరుచుట్టు మీద రోకటి పోటన్నట్టు సరిగ్గా పన్నెండింటికి కరెంటు పోయింది. ఆ రోజుల్లో మధ్యాహ్నం రెండు గంటల కోత మాకు మామూలే, ఆ హడావుడిలో మరిచిపోయాను. యూపీఎస్ పావుగంట కుయ్యికుయ్యిమని మూల్గి అదీ ఆరిపోయింది. రెండింటి దాకా చేసేదేమీ లేదు. నేను తల పట్టుకుని వాకిట్లోకి వచ్చాను.

పెద్దమ్మ సద్దిమూట విప్పింది. జొన్నరొట్టెలు, పల్లీల కారం. నన్ను పిలిచి ఒక రొట్టె చేతిలో పెట్టింది. వద్దంటే ఊరుకోలేదు.

"పొద్దటి సంది ఉరుకుతనే ఉన్నవ్. తిను."

ఆమె తన చేను సంగతులు చెప్తోంది. మొలక ఎంత చిక్కగా వచ్చిందో, మగ చెట్లు నాలుగు సాళ్లు ఏ పక్కన వేసిందో, కోడలు ఎట్లా సాయం పడుతోందో. "పరాయోళ్ల చేన్ల ఇన్నేండ్లు పూలు కలిపిన. ఈ యేడు నా చేన్ల నేను కలుపుకుంట," అని నవ్వింది. ఆ చేను విత్తనం చేనో మామూలు పత్తి చేనో తేలేది ఆ సాయంత్రమే. తేల్చేది ఎర్ర గుర్తు. దాని దాకా తెచ్చింది నేను. 'పెద్దమ్మా, నేనే' అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది, రొట్టెతో పాటు మింగేశాను. పిరికిదాన్నని నన్ను నేనే తిట్టుకున్నాను.

రెండు దాటి అయిదు నిమిషాలకు ఫ్యాను తిరిగింది. ఒక్క దూకులో కుర్చీలో పడ్డాను. చాచా అప్పటికే రిసీవర్ పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. మళ్లీ మొదటి నుంచి అన్నీ చూశాం, మళ్లీ అదే వచ్చింది. మూడు అయింది. పటేలు వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. నేను కోపంతో ఆ ఎర్ర గుర్తును అట్లాగే తెరిచి పెట్టి గుడ్లప్పగించి చూస్తూ కూర్చున్నాను. అప్పుడు కనిపించింది, మూలన చిన్న అక్షరాలతో 'డిటెయిల్స్' అని ఒక బటన్. పొద్దుటి నుంచి కనీసం యాభైసార్లు ఆ గుర్తును చూశాను, ప్రతిసారీ ఓకే కొట్టి మూసేశానే తప్ప ఆ బటన్ను నొక్కలేదు. ఇంగ్లీషు ఎక్కువ ఉన్న చోటికి పోకపోవడం నాకదొక జబ్బు.

నొక్కాను. ఇంత పొడుగు వాక్యం విచ్చుకుంది. కూడబలుక్కుని చదివాను. సర్వర్ చూపించిన సర్టిఫికెట్, అంటే దాని గుర్తింపు కాగితం, వ్యాలిడిటీ కాలంలో లేదని, అందుకని కనెక్షన్ ఒప్పుకోవడం లేదని ఉంది.

"చాచా! సర్టిఫికెట్ వ్యాలిడిటీల లేదు అంటున్నది!"

చాచా ఫోన్‌లో చెప్పాడు. కాసేపు విని ఇటు తిరిగాడు. "ఈ నెల ఒకటో తారీఖే కొత్త సర్టిఫికెట్ పెట్టిండ్రంట. ఏడాది దాకా నడుస్తదంట. వ్యాలిడిటీ లేకపోవుడు ఉండదు అంటుండు."

ఇంకేముంది, మళ్లీ గోడే అనుకున్నాను. కానీ చాచా కదలకుండా నిలబడి గడ్డం గోక్కుంటున్నాడు. పొద్దంతా రీఛార్జి కార్డులు అమ్మే మనిషికి ఆ మాట మాకంటే బాగా తెలుసు.

"బేటీ, వ్యాలిడిటీ అంటే తారీఖు లెక్క గద. కార్డు మంచిదే ఉండి గూడ ఫోన్ల తారీఖు తప్పుంటే పరేషాన్ చేస్తది. నీ మిషన్ల తారీఖెంత ఉన్నదో జర చూడు."

తెర మూలన గంట మూడు దాటి పది నిమిషాలు చూపిస్తోంది, గోడ గడియారంతో సరిగ్గా సరిపోయింది. ఆ మిషన్లలో మూలన టైమే కనిపించేది, తారీఖు కనిపించదు. దాని మీద రెండుసార్లు నొక్కాను. చిన్న క్యాలెండర్ తెరుచుకుంది. జూన్ నెల. మేమేమో జూలై చివర్లో ఉన్నాం.

"పటేలా! ఈ మిషన్ నెలన్నర ఎనకనే ఉన్నది!"

వరండాలో అడుగుల చప్పుడు ఆగింది. పటేలు గుమ్మంలోకి వచ్చి, గొంతు సవరించుకుని, కిందికి చూశాడు.

"ఆషాఢంల కొత్త మిషన్ మొదలు పెట్టొద్దని పంతులు గట్టిగ చెప్పిండు. పని ఆగేది లేదు. మరెట్ల? జ్యేష్ఠంల దశమి మస్తుగుండె అన్నడు. కర్నూలాయనతోని మిషన్ల ఆ దశమి తారీఖు పెట్టిచ్చి, అప్పుడు కొబ్బరికాయ కొట్టిన. టైము మాత్రం కరెక్టుగనే ఉంచిన."

ఇదీ ఆయన ఉపాయం! కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు పొద్దుటి నుంచి మేం వెతికిన దొంగ ఇదీ. కంపెనీ సర్టిఫికెట్ జూలై ఒకటిన మొదలైంది. మా మిషనేమో ఇంకా జూన్‌లో కూర్చుని, మొదలే కాని కాగితాన్ని నేనెట్లా నమ్మేదని మొండికేసింది. నాకు నవ్వు ఆగలేదు. చాచా రిసీవర్లోకి ఆ కథంతా చెప్తుంటే హైదరాబాదు ఆయన నవ్వు మడిగె బయటికి వినిపించింది. కుర్చీలోంచి లేచి గంతులేయాలనిపించింది. తారీఖు మార్చితే చాలు, అరనిమిషం పని!

మౌసు మీద చెయ్యి వేశానో లేదో పటేలు గట్టిగా అన్నాడు.

"ఆగు. ఇయ్యాల మార్చొద్దు."

"ఎందుకు పటేలా?"

"ఇయ్యాల అమావాస్య. తారీఖు మారిస్తే దానికి ఇయ్యాలనే మొదలు పెట్టినట్టు అయితది. ఒక్క పొద్దు ఆగు, రేపటి సంది శ్రావణం. రేపు పొద్దుగాల్నే మారుద్దాం."

"నాలుగింటికి జాబితా అచ్చేస్తరు పటేలా! రేపటికి ఏముంటది?"

"పాత మిషన్ అమావాస్య నాడే తెచ్చిన. ఎవరు చెప్పినా ఇనలే. ఏమైందో చూసినవ్ గద," అన్నాడాయన. గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఆ భయంతో నేనెట్లా వాదించాలి? గడియారం చూశాను, మూడుంబావు దాటింది. ఎవరి మీద కోపమో తెలియని కోపంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

పెద్దమ్మ ఎప్పుడు లేచి వచ్చిందో, పటేలు వెనకే గుమ్మంలో నిలబడి ఉంది.

"పటేలా, నేను ఇత్తు ఏసిన్నాడు మంగళారం. మా కోడలు వద్దన్నది. పక్క చేనామె గూడ బేస్తారం దాక ఆగుమన్నది. వాన పడ్డది, నేల పదును మీదున్నది, ఏసిన. చేనంత మొలిసింది. పదును పోయినంక మంచి దినమొచ్చి ఏం జేస్తది?"

పటేలు ఆమె వైపు చూడలేదు, మిషన్ వైపు చూశాడు. పై కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. తర్వాత నా దగ్గరకు వచ్చి కుర్చీలోంచి లెమ్మన్నాడు.

"నువ్వు చిన్నపిల్లవు. నేనే మారుస్త. ఏమన్న అయితే నాకే కానీ."

ఆయన అంతకు ముందు మౌసు ముట్టింది లేదు. పట్టుకుంటే బాణం గుర్తు తెర చివరికి పారిపోయింది. నేను పక్కన నిలబడి, "ఇటు పటేలా, కిందికి, ఇంకొంచెం," అని చెప్తున్నాను. చాచా ఫోన్ పెట్టేసి మరీ వచ్చి కిటికీలోంచి తొంగి చూస్తున్నాడు. నెల మారింది. తారీఖు మారింది. ఓకే మీద నొక్కేటప్పుడు పటేలు కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నాడు. ఏ మంటా రాలేదు, ఏ పొగా రాలేదు.

నేను కుర్చీలో కూర్చుని పంపు నొక్కాను. నీలం గీత పాకింది. సగం దాటింది. ముక్కాలు దాటింది. చివరికి పోయి తాకింది, మాయమైంది. పంపినవాటి పెట్టెలో మా జాబితా కూర్చుని ఉంది. "పోయింది! పోయింది!" అని నేను అరిచిన అరుపుకు రోడ్డు మీద సైకిల్ ఆపి ఒకాయన చూశాడు. చాచా కిటికీ ఊచలు పట్టుకుని "శాబాష్ బేటీ!" అంటున్నాడు. పటేలు నిమ్మకాయ వైపు చూసి దండం పెట్టుకున్నాడు.

నాలుగింటికి ఇంకా ఇరవై నిమిషాలు ఉంది. అందిందో లేదో తేలాలి. ప్రతి నిమిషానికీ తెచ్చుకో అనే బొమ్మ మీద నొక్కుతూనే ఉన్నాను. నాలుగుకు అయిదు నిమిషాలుందనగా టింగుమంది. కంపెనీ జవాబు. జాబితా చేరింది, చేనుకో నంబరు పక్కన రాసి మొత్తం తిప్పి పంపారు. నలభై మూడో వరుసలో పెద్దమ్మ పేరు, దాని పక్కన నంబరు. నేను గట్టిగా చదివాను. రాత్రికే పలక రాయించి పంపుతానన్నాడు పటేలు.

"ఏడున్నది? నాకు చూపియ్యి," అంది ఆమె.

వేలు పెట్టి చూపించాను. ఆమెకు చదవడం రాదు. అయినా వంగి ఆ వరుసను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది, గట్టిపడ్డ వేలితో అద్దాన్ని మెల్లగా తాకింది. మొహం విప్పారింది. ఇక దాచడం నావల్ల కాలేదు. పటేలూ చాచా వింటుండగానే చెప్పేశాను.

"పెద్దమ్మా, తప్పు మిషన్ది కాదు. ఆ పొద్దు కరెంటు పోయి వచ్చినంక నేనే నీ పేరు దాటేసిన. మిషన్ మీద పెట్టి అబద్ధం చెప్పిన."

పటేలు ఏదో అనబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"నాకు ఎరుకనే బిడ్డా. నీ మొకం పొద్దుగాల్నే చెప్పింది. మిషన్ నన్నెట్ల మరుస్తది, దానికి నేనెవరో తెల్వదు. మరిసేది మనిషే."

ఆమె సద్దిగుడ్డ దులిపి మడిచి, చంకన పెట్టుకుని, బస్సు వేళైందని బయల్దేరింది. గుమ్మం దాకా పోయి ఆగింది.

"రేపు కంపెనీ సార్లతోని నువ్వు గూడ రా. మా పేర్లు రాసేదానివి. చేను ఒక్కసారి కండ్లతో చూస్తే మల్ల మరువవు."

అప్పటిదాకా ఇన్ని చేల పేర్లు కొట్టిన నేను, వాటిలో ఒక్క చేనులోనైనా కాలు పెట్టింది లేదు. ఆ మాట ఆమెకు చెప్పలేదు. మర్నాడు పొద్దున జీపు వచ్చి ఆగేసరికి, సార్లు దిగి టీ తాగకముందే, వెనక సీటు చివర ఎక్కి కూర్చున్నాను.